మానసిక వైద్య సిబ్బంది అరిగిపోకుండా: ఒడిశా సరిహద్దు జిల్లాల్లో పనిచేసేవారికి దశలవారీ మార్గదర్శి

రోగి సవరలో చెప్తాడు. ఊరి ఆరోగ్య కార్యకర్త ఆశా దీదీ దాన్ని ఒడియాలోకి మారుస్తుంది. మీరు తెలుగులో ఆలోచించి, కేసు షీటు మీద ఇంగ్లీషులో రాస్తారు. బయట బెంచీ మీద ఇంకా ముప్పై మంది ఉంటారు. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, కొరాపుట్, జయపురం వైపు జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమంలోనో, సంస్థల తరఫునో పనిచేస్తున్న తెలుగువాళ్ళకు ఈ దృశ్యం కొత్త కాదు. సైకియాట్రిస్టు, సైకాలజిస్టు, సోషల్ వర్కర్, కౌన్సెలర్, నర్సు, ఎవరికైనా సరే, ఈ పనిలో అలసట ఎక్కడి నుంచి వస్తోందో పట్టుకుని సరిచేసుకునే పద్ధతి ఇక్కడ ఉంది.

ఒక విషయం ముందే చెప్పాలి. సిబ్బంది ఒత్తిడి అనగానే యోగా క్లాసు పెట్టించడం మామూలైపోయింది. యోగా మంచిదే. కానీ రోజుకు అరవై మందిని చూసే మనిషికి యోగా నేర్పి మళ్ళీ అదే అరవై మంది ముందు కూర్చోబెడితే మారేది ఏమీ లేదు. అందుకే ఇక్కడ ముందు పనిని సరిదిద్దడం, తర్వాత మనిషి సంగతి.

1. వచ్చింది ఏమిటో విడదీసి చూడండి

మూడు వేర్వేరు స్థితులను కలిపి అందరూ "స్ట్రెస్" అనేస్తారు. వాటికి చేయాల్సినవి వేరు కాబట్టి విడదీయక తప్పదు.

బర్నౌట్ మెల్లగా, నెలల తరబడి పేరుకుంటుంది. 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల వర్గీకరణ ఐసీడీ-11లో దీన్ని జబ్బుగా లెక్కించలేదు. అదుపు చేయకుండా వదిలేసిన పని ఒత్తిడి వల్ల ఉద్యోగంలో వచ్చే స్థితిగా, క్యూడీ85 కోడ్ కింద పెట్టారు. లక్షణాలు మూడు: ఒంట్లో శక్తి అడుగంటడం, పని మీద విముఖత, "నా వల్ల ఏమీ కావడం లేదు" అన్న భావన. రెండోదాన్ని మనవాళ్ళు ఆలస్యంగా గుర్తిస్తారు. అది అలసటలా కనిపించదు, మాటతీరులో బయటపడుతుంది. రోగిని పేరుతో పిలిచేవారు "ఆ స్కిజో కేసు" అనడం మొదలుపెడతారు. మందు మానేసి వచ్చిన వ్యక్తిని చూడగానే "మళ్ళీ వచ్చావా" అనేస్తారు. ఓపీ రోజు వర్షం పడితే లోపల హాయిగా ఉంటుంది.

రెండోది పరోక్ష ఆఘాతం. అత్యాచారం, మంత్రగత్తె అని ముద్ర వేసి కొట్టడం, పిల్లల మరణం వంటివి వినగా వినగా, విన్న దృశ్యాలు మీకే కళ్ళ ముందు కదలడం. ఇది బర్నౌట్‌లా మెల్లగానే రావాలని లేదు, ఒకే ఒక్క కేసుతో రావచ్చు. ఉద్యోగం మీద ఇష్టం అలాగే ఉంటుంది, కానీ రాత్రి మెలకువ వస్తుంది, ఫలానా ఊరి వైపు వెళ్ళాలంటే కాలు ముందుకు పడదు.

మూడోది డిప్రెషన్. ఇది ఆఫీసు గేటు దగ్గర ఆగదు. సెలవులో సొంతూరు వెళ్ళినా, పండగకు పిల్లలంతా చేరినా ఏదీ రుచించదు. పీహెచ్‌క్యూ-9 (డిప్రెషన్ కొలిచే తొమ్మిది ప్రశ్నల పట్టీ) మీకు కంఠతా వచ్చే ఉంటుంది, రోగులకు వేసేదే మీకూ వేసుకోండి. 10 లేక అంతకు మించి వస్తే ఈ మార్గదర్శిలో తక్కిన దశలు పక్కన పెట్టి 9వ దశకు వెళ్ళండి. చావు ఆలోచనల గురించి అడిగే తొమ్మిదో ప్రశ్నకు సున్నా కాకుండా ఏ జవాబు వచ్చినా, మొత్తం ఎంత తక్కువున్నా, అదే రోజు ఎవరితోనైనా మాట్లాడాలి.

2. పద్నాలుగు రోజుల లెక్క రాయండి

జేబులో పట్టే నోటుబుక్కు చాలు. రోజూ పని ముగిశాక మూడు నిమిషాలు కేటాయించి ఇవి రాయండి: కొత్త కేసులు ఎన్ని, పాతవి ఎన్ని, దుబాసీ సాయంతో మాట్లాడినవి ఎన్ని, రిపోర్టులకు, రిజిస్టర్లకు, ఫోన్లకు పోయిన గంటలు, ఆ రోజు బాగా బరువైన కేసు ఏ రకానిది (పేరు, ఊరు వద్దు, "కుటుంబ హింస" అని రాస్తే చాలు). ఉదయం లేవగానే అలసట 0 నుంచి 10లో ఎంత, సాయంత్రం ఎంత, ఈ రెండు అంకెలు తప్పకుండా ఉండాలి.

రెండు వారాల తర్వాత తిరగేస్తే కొన్ని సంగతులు బయటపడతాయి. సాయంత్రం 8 ఉండి తెల్లారేసరికి 2కో 3కో దిగుతోందంటే అది మామూలు అలుపు, నిద్రతో తీరిపోతోంది. ఆదివారం ఇంట్లో ఉన్నా సోమవారం ఉదయం 6 దగ్గరే ఉంటే దాన్ని తేలిగ్గా తీసుకోకండి. అలసట రోగులు ఎక్కువైన రోజున కాక, నెలాఖరు రిపోర్టుల రోజుల్లో పెరుగుతోందా? అప్పుడు రోగుల సంఖ్య తగ్గించమని అడిగి ప్రయోజనం లేదు, కాగితం పని తగ్గాలి. దుబాసీ కేసులు ఐదు దాటిన ప్రతి రోజూ అంకె ఎక్కుతోందంటే 5వ దశ మీకోసమే. ఇవి పనికొచ్చే లెక్కలే కానీ రోగనిర్ధారణ పరీక్ష కాదు.

ఎక్కువమంది నాలుగో రోజున రాయడం మానేస్తారు, రాత్రి ఇంటికెళ్ళాక రాద్దామనుకోవడమే కారణం. కుర్చీలోంచి లేవకముందే రాయండి.

3. ప్రోక్వోల్ వేసుకోండి, తిప్పాల్సిన ప్రశ్నలు మరిచిపోకండి

బర్నౌట్ కొలవడానికి 1981లో వచ్చిన మస్లాక్ ఇన్వెంటరీకి పేరెక్కువ, కానీ దాన్ని కొనుక్కోవాలి. ప్రోక్వోల్ (సాయం చేసే వృత్తుల్లో ఉన్నవారి కోసం చేసిన ప్రశ్నావళి) ఉచితం. 30 ప్రశ్నలు, గత 30 రోజుల గురించి, ఒక్కోదానికి 1 (ఎప్పుడూ లేదు) నుంచి 5 (చాలా తరచుగా) వరకు. పది నిమిషాల పని. ఇందులో మూడు విడి స్కోర్లు వస్తాయి:

పనిలో తృప్తి: 3, 6, 12, 16, 18, 20, 22, 24, 27, 30 ప్రశ్నలు.
బర్నౌట్: 1, 4, 8, 10, 15, 17, 19, 21, 26, 29.
పరోక్ష ఆఘాతం: 2, 5, 7, 9, 11, 13, 14, 23, 25, 28.

బర్నౌట్ వరుసలో 1, 4, 15, 17, 29 ప్రశ్నలను తిప్పి లెక్కపెట్టాలి: 1 వేసుకుంటే 5, 2 వేసుకుంటే 4, 3 అలాగే, 4కు 2, 5కు 1. ఎందుకంటే అవి మంచి సంగతి అడిగే ప్రశ్నలు. మొదటి ప్రశ్నే సంతోషంగా ఉన్నారా అని. తిప్పకుండా కూడితే హాయిగా ఉన్న మనిషికి ఎక్కువ బర్నౌట్, కుంగిపోతున్న మనిషికి తక్కువ బర్నౌట్ వస్తుంది. టీమంతా కలిసి వేసుకున్నప్పుడు ఈ పొరపాటు మరీ ఎక్కువ.

ఒక్కో స్కోరు 22 లోపుంటే తక్కువ, 23 నుంచి 41 మధ్యస్థం, 42, ఆపైన అయితే ఎక్కువ. మూడూ కలిపి ఒకే అంకె చేయకండి. తృప్తి ఎక్కువ, పరోక్ష ఆఘాతం కూడా ఎక్కువ ఉన్నవాళ్ళుంటారు. వాళ్ళు పనిని ప్రేమిస్తూనే లోపల దెబ్బతింటున్నారు, పైకి ఉత్సాహంగా కనిపిస్తారు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. ఈ కాగితాలు అధికారి ఫైల్లోకి పోకూడదు. ఎవరి స్కోరు వారి దగ్గరే ఉండాలి, లేకపోతే వచ్చేసారి అందరూ అందమైన అంకెలే వేస్తారు.

4. ఓపీ రోజును విప్పి మళ్ళీ కట్టండి

అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇక్కడే ఉంది. ఒక కమ్యూనిటీ హెల్త్ సెంటర్లో ఉదయం 9:30 నుంచి 1:30 వరకు ఓపీ అనుకుందాం. చేతిలో ఉన్నవి 240 నిమిషాలు. 40 మంది వచ్చారు. వచ్చిన వరుసలో చూస్తే మనిషికి 6 నిమిషాలు పడతాయి. కొత్తగా జబ్బు మొదలైన పద్దెనిమిదేళ్ళ కుర్రాడికీ అవే 6, మూడేళ్ళుగా నిలకడగా ఉండి మందు తీసుకెళ్ళే తాతకీ అవే 6. కుర్రాడికి అన్యాయం చేశామన్న బాధ సాయంత్రం మీతో పాటు ఇంటికి వస్తుంది.

అదే 40 మందిని గేటు దగ్గరే మూడు వరుసలు చేయండి. కొత్తవాళ్ళు 3, ఒక్కొక్కరికి 30 నిమిషాలు, మొత్తం 90. ఇంకా కుదుటపడని పాతవాళ్ళు 12, ఒక్కొక్కరికి 8, మొత్తం 96. నిలకడగా ఉండి మందుకోసం మాత్రమే వచ్చినవాళ్ళు 25. వీళ్ళను ముందు నర్సు పక్క బల్ల దగ్గర నాలుగేసి నిమిషాలు చూస్తారు, డాక్టరుకు ఒక్కో నిమిషం, మొత్తం 25. కలిపితే 211. మిగిలిన 29 నిమిషాల్లో పదేసి నిమిషాల విరామాలు రెండు, 9 నిమిషాలు చేతిలో.

ఆ 9 అత్యవసర కేసుకు చాలవు, నిజమే. అందుకే గొడవ చేస్తున్న మనిషిని కట్టి తెచ్చిన రోజున ఏ కొత్త కేసును మధ్యాహ్నానికి జరపాలో ఉదయమే అనుకుని ఉంచండి. ఆ గందరగోళంలో నిలబడి నిర్ణయించుకోవడంలోనే సగం ఒత్తిడి.

నర్సు బల్ల దగ్గర అడగాల్సినవి ఒక అట్ట మీద రాసి అంటించండి. ఎన్ని రోజులు మందు తప్పింది? నిద్ర ఎలా ఉంది? పనికి వెళ్తున్నారా? బతకాలనిపించడం లేదన్న ఆలోచన వచ్చిందా? లిథియం వాడేవాళ్ళకు వాంతులు, విరేచనాలు, చేతుల వణుకు ఎక్కువైనా, క్లోజపిన్ వాడేవాళ్ళకు జ్వరం, గొంతునొప్పి ఉన్నా, వాల్‌ప్రోయేట్ వాడే ఆడవాళ్ళకు నెలసరి తప్పినా, నిలకడ వరుసలోంచి తీసి నేరుగా డాక్టరు దగ్గరికి పంపాలి. ఈ అట్ట వల్ల రోగికి రక్షణ, సిబ్బందికి రాత్రి నిద్ర. "ఏదైనా వదిలేశానా" అని అర్ధరాత్రి గుర్తొచ్చి ఉలిక్కిపడే అలవాటు చాలామందికి ఉంది.

వరుస పేర్చడంలో రెండు జాగ్రత్తలు. బరువైన కేసులు రెండు పక్కపక్కన పెట్టకండి, మధ్యలో నిలకడగా ఉన్న ఒకరిని పిలవండి. రోజులో చివరి కేసు కొత్త కేసు కాకూడదు. చివరి విన్నపం చెవిలో మోగుతుండగానే జీపెక్కి ఆర్.ఉదయగిరి నుంచో, పొట్టంగి నుంచో ఘాట్ దిగితే ఆ ప్రయాణమంతా ఓపీలోనే గడిచినట్టవుతుంది.

వైకల్య ధ్రువపత్రాల రోజు ఓపీతో కలపకండి. మానసిక వైకల్యాన్ని కొలిచే ఐడియాస్ స్కేలులో స్వీయ సంరక్షణ, మనుషులతో మెలగడం, మాట్లాడి అర్థం చేసుకోవడం, పని చేసుకోవడం అనే నాలుగు అంశాలకు 0 నుంచి 4 వేస్తారు, జబ్బు ఎన్నేళ్ళుగా ఉందన్నదీ కలుపుతారు. 40 శాతం రాకపోతే పథకాలు దాదాపు అందవు. పక్కింటివాళ్ళకు వచ్చింది మాకెందుకు రాదని ఏడ్చే తల్లికి, నిన్నటిదాకా ఆమె కొడుక్కి వైద్యం చేసిన మనిషే "రాదమ్మా" అని ఒంటరిగా చెప్పాల్సి రావడం మనసును కోస్తుంది. వైద్య బోర్డు కూర్చున్నప్పుడే, బోర్డు తరఫున, స్కేలు చూపించి చెప్పాలి. అలాగే పాతపట్నం వైపు నుంచి ఆంధ్రా ఆధార్‌తో వచ్చేవాళ్ళకు మందు ఎన్నాళ్ళకివ్వాలి, కాగితాలకు ఎక్కడికి పంపాలి అన్నదానికి అధికారి దగ్గర ఒక్కసారి రాతపూర్వకంగా నిర్ణయం తీసుకోండి. ప్రతివారం కొత్తగా వాదించుకోవాల్సిన పని కాదది.

5. భాష మోసే బరువును తగ్గించుకోండి

దుబాసీతో జరిగే సంభాషణకు మామూలు దానికి రెట్టింపు సమయం పడుతుంది. దీన్ని లెక్కలో వేయకపోవడమే మొదటి తప్పు. 30 నిమిషాల కొత్త కేసు సవరలోనో, మరో గిరిజన భాష కువిలోనో అయితే 60 రాసుకోండి, ఆ రోజుకు ఒక కొత్త కేసు తగ్గించండి.

పద్ధతి ఇది. రోగి రాకముందు 5 నిమిషాలు దుబాసీతో మాట్లాడండి: "ఆమె అన్నది అన్నట్టు చెప్పు దీదీ, అర్థం కాకపోతే అర్థం కాలేదను, నువ్వు సరిచేయొద్దు." కుర్చీలు త్రికోణంగా వేయండి, మీ చూపు రోగి మీద ఉండాలి. ఒకసారికి రెండు వాక్యాలకు మించి మాట్లాడకండి. "ఆమెకు భయమంటోంది" అని కాక "నాకు భయం" అనే చెప్పమనండి. అయిపోయాక ఇంకో 5 నిమిషాలు దుబాసీకే. ఆ దెబ్బల కథ ముందుగా విన్నది ఆమె. పైగా అదే ఊళ్ళో, అదే వీధిలో ఉంటుంది. పరోక్ష ఆఘాతం ఆశా కార్యకర్తలకూ వస్తుంది, వాళ్ళను అడిగేవాళ్ళు లేరు.

భర్తనో, అత్తనో దుబాసీగా పెట్టకండి. ఇంటి సంగతి వాళ్ళ నోటి మీదుగా ఎలాగూ రాదు. మూడు నెలలు మందు మార్చి మార్చి ఇచ్చి, తగ్గడం లేదని మీరే కుంగిపోతారు. అసలు బాధ ఒక్కసారి కూడా మీ చెవిన పడి ఉండదు.

ఒడియాలో కనీసం ముప్పై మాటలు నోటికి తెచ్చుకోండి. "మన భల నాహిఁ" అంటే మనసు బాగోలేదు. "నిద హేఉ నాహిఁ" నిద్ర పట్టడం లేదు. "డర లాగుచి" భయమేస్తోంది. "ముండ బులాఉచి" అంటే తల తిరుగుతోంది. ఒడియాలో ముండ అంటే తల. ఆంధ్రా వైపు నుంచి వచ్చిన తెలుగు తల్లితో ఒడియా నర్సు ఆ మాటంటే తిట్టిందనుకుని లేచి వెళ్ళిపోతుంది, కాబట్టి ఆ నర్సుకు "తల" అన్న తెలుగు మాట నేర్పడం కూడా మీ పనే. గిడుగు రామమూర్తి గారు ఈ పర్లాకిమిడిలోనే పాఠాలు చెప్పుకుంటూ సవర నేర్చుకుని, ఆ భాషకు వ్యాకరణం, నిఘంటువు రాశారు. దానికి ఆయనకు ఏళ్ళు పట్టాయి. వచ్చి ఆర్నెల్లయినా సవర పట్టుబడలేదని మిమ్మల్ని మీరు తిట్టుకోవద్దు.

ఊళ్ళో నాటువైద్యం, పూజలు చేసే గుణియా దగ్గరికో, దిశారి దగ్గరికో వెళ్ళి వచ్చారని రోగి మీద విసుక్కోవడం కూడా అలసట లక్షణమే. వెళ్ళనివ్వండి, మందు మాత్రం ఆపొద్దని చెప్పండి. ఆ ఒక్క మాటతో రోజూ చేసే ఒక యుద్ధం తగ్గుతుంది. గొలుసులు వేసినా, కొట్టినా ఊరుకోకూడదు, అది వేరే సంగతి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఏ రూపంలోనూ గొలుసులు వేయకూడదంటుంది.

6. నెలకోసారి కూర్చునే జట్టు

ఒక జిల్లాకు ఒకే సైకాలజిస్టు ఉండే చోట సలహా అడగడానికి మనిషి ఉండరు. అందుకే పక్క జిల్లాలవాళ్ళను కలుపుకుని 5 నుంచి 8 మంది చేరండి. ఫోన్లోనైనా సరే, కానీ నెలకు ఒకే రోజు, ఒకే వేళ. 1950లలో లండన్‌లో మైఖేల్ బాలింట్ డాక్టర్లతో మొదలుపెట్టిన పద్ధతి ఇక్కడి అవసరానికి బాగా సరిపోతుంది. 75 నిమిషాలను ఇలా పంచుకోవచ్చు:

అందరూ చేరి కుదురుకోవడానికి 5. ఒకరు తనను వదలని కేసును కాగితాలు చూడకుండా చెప్పడానికి 10. వివరాల కోసం ప్రశ్నలకు 5. తర్వాత 30 నిమిషాలు తక్కినవాళ్ళు మాట్లాడుకుంటారు, చెప్పిన మనిషి కుర్చీ వెనక్కి జరుపుకుని వినడమే, సమాధానం చెప్పకూడదు. ఆ వ్యక్తి మళ్ళీ చర్చలోకి రావడానికి 10. చిన్న విషయాలకు 10. వచ్చే తేదీ ఖాయం చేసుకోవడానికి 5.

ఆ ముప్పై నిమిషాల మౌనం మొదట్లో చాలా కష్టంగా ఉంటుంది. "అలా కాదండీ" అని నోటిదాకా వస్తుంది. ఆపుకోవాలి. సమర్థించుకునే అవసరం లేనప్పుడే, ఆ రోగి తనలో ఏ కోపాన్ని, ఏ జాలిని రేపాడో మనిషికి వినబడుతుంది.

జట్లు చెడిపోయే తీరు దాదాపు ఒకేలా ఉంటుంది. అధికారుల మీద ఫిర్యాదుల సభ అవుతుంది, లేదా మందుల మోతాదు మీద సెమినార్ అవుతుంది. పెద్ద డాక్టరు గారు ముందు మాట్లాడితే నర్సులు ఇక నోరు విప్పరు, కాబట్టి ఆయన చివర మాట్లాడాలి. "నువ్వు అలా చేసి ఉండాల్సింది" అన్న వాక్యం జట్టులో నిషేధం.

గోప్యత చిన్న ఊళ్ళలో పేరు తీసేస్తే సరిపోదు. "కాశీనగర్‌లో టీచరు గారి భార్య" అంటే ఎవరో అందరికీ తెలిసిపోతుంది. ఊరు, వృత్తి మార్చండి, వయసు ఓ ఐదేళ్ళు అటూ ఇటూ చేయండి. వాట్సాప్‌లో కేసు సంగతి ఒక్క అక్షరం కూడా పెట్టొద్దు. రోగి గోప్యతకు 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షను హక్కు ఇచ్చింది.

జట్టు బయట, టీ దగ్గర, జీపులో, ఘోరమైన కేసు వివరాలు ఒకరి మీద ఒకరు కుమ్మరించుకునే అలవాటుంది. చెప్పేముందు అడగండి: "ఇది బరువైన కేసు, ఇప్పుడు వినగలవా?" కాదంటే మరోసారి చెప్పండి. చెప్పినా, దెబ్బ ఎలా పడింది, రక్తం ఎక్కడ వచ్చింది అన్నది వదిలి, మీకేమనిపించిందో చెప్పండి. విన్నవాళ్ళను రాత్రి వెంటాడేవి ఆ వివరాలే.

7. రోగి ఆత్మహత్య చేసుకున్నప్పుడు

ఈ వృత్తిలో అందరూ భయపడేది దీనికే. ఇది మీ ఒక్కరికే జరిగిందనుకోవద్దు. 1988లో అచ్చయిన అమెరికా సర్వేల్లో 51 శాతం సైకియాట్రిస్టులు, 22 శాతం సైకాలజిస్టులు కనీసం ఒక రోగిని ఇలా పోగొట్టుకున్నామని చెప్పారు.

మొదటి గంటలో: వార్త మీకు తెలిసిన వేళ రాసుకోండి, పై అధికారికి ఫోన్ చేయండి, ఆ రోజు మిగిలిన ఓపీ మరొకరికి అప్పగించండి. కేసు షీటులో పాత రాతను ముట్టుకోవద్దు. ఏదైనా చేర్చాల్సి ఉంటే ఆనాటి తేదీ, వేళ వేసి విడిగా రాయండి. భయంతో దిద్దిన ఒక్క మాట తర్వాత పెద్ద అనుమానానికి దారి తీస్తుంది.

మొదటి రోజు ఒంటరిగా ఉండొద్దు. టీములో ఒకరు ఇంటిదాకా వెళ్ళి దింపాలి, రాత్రి ఒకసారి ఫోన్ చేయాలి. అందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి "ఏం జరిగిందో పూసగుచ్చినట్టు చెప్పండి" అని బలవంతపు సమావేశం పెట్టకండి. అలాంటి ఒక్కసారి డీబ్రీఫింగ్ తర్వాతి ఆఘాత లక్షణాలను ఆపదని, కొందరికి హాని కూడా చేయవచ్చని పరిశోధనల సమీక్షల్లో తేలింది. మంచినీళ్ళివ్వడం, పక్కన కూర్చోవడం, మాట్లాడాలనుకుంటే వినడం, ఇవి చాలు.

మొదటి వారం కేసులు సగానికి తగ్గాలి, ఆత్మహత్య ప్రమాదం ఉన్న కొత్త కేసులు ఇవ్వొద్దు. పూర్తిగా సెలవు పెట్టించి ఇంట్లో కూర్చోబెడితే చాలామందికి ఇంకా బరువవుతుంది. వద్దా, కావాలా అన్నది ఆ మనిషినే అడగండి.

కుటుంబాన్ని కలవాలనిపిస్తే అధికారికి చెప్పి, ఇద్దరుగా వెళ్ళండి. "మీ అబ్బాయి పోవడం మాకూ చాలా బాధగా ఉందమ్మా" అంటే చాలు. తప్పు ఎవరిదన్న చర్చ వద్దు, రోగి గుట్టుగా చెప్పినది బయటపెట్టవద్దు. వాళ్ళలోనూ ఎవరికైనా సాయం అవసరమేమో గమనించండి.

ఆరు వారాల తర్వాత ప్రోక్వోల్ మళ్ళీ వేసుకోండి. ఈ మధ్య ప్రతి రోగినీ ఆసుపత్రిలో చేర్చాలనిపిస్తోందా? లేక చావు గురించి అడగడమే మానేశారా? రెండూ ఆ మరణం తాలూకు భయమే. జట్టులో చెప్పుకోవాల్సిన సంగతి ఇది.

8. ఊరు, ఫోను, నిద్ర

చిన్న ఊళ్ళో డ్యూటీ ముగియదు. కూరగాయల బజార్లో రోగి బావగారు ఎదురవుతారు, పెళ్ళి పందిట్లో పక్కింటావిడ మోకాలి మీద చెయ్యేసి కోడలి సంగతి మొదలుపెడుతుంది. కాదంటే పొగరనుకుంటారు, వింటే మీకు ఆ పెళ్ళిభోజనం కూడా ఓపీయే. ఒక మాట సిద్ధంగా పెట్టుకోండి: "అక్కా, ఇక్కడ చెప్తే నీ ఇంటి మాట నలుగురి చెవినా పడుతుంది. గురువారం ఓపీకి రా, తలుపేసుకుని తీరిగ్గా మాట్లాడుకుందాం." ఇందులో ఆమె గౌరవమూ నిలుస్తుంది.

సొంత నంబరు రోగులకు ఇవ్వొద్దు. ఇప్పటికే ఇచ్చేసి ఉంటే రెండో సిమ్ కొని ఇంటివాళ్ళకు అది ఇవ్వండి. బల్ల మీద తెలుగులో, ఒడియాలో రాసిన కాగితం పెట్టండి: ఏ వేళల్లో ఫోన్ ఎత్తుతారు, తక్కిన వేళల్లో ప్రభుత్వ మానసిక సాయం ఫోన్ లైను టెలి మానస్ 14416. అది 2022 అక్టోబర్ 10న మొదలైంది, రాత్రీ పగలూ పనిచేస్తుంది, రెండు భాషల్లోనూ మాట్లాడతారు. రాత్రి పదకొండుకు మీరు ఎత్తకపోయినా ఆ మనిషికి ఒక గొంతు దొరుకుతుందన్న నమ్మకంతోనే ఫోను పక్కన పెట్టగలుగుతారు.

నిద్ర గురించి ఒక్కటే చెప్తాం. మందుల అల్మారా తాళం చేతిలో ఉన్నవాళ్ళు క్లోనజెపామ్ సగం మాత్రతో మొదలుపెడతారు. కొన్ని వారాలు వాడాక మానితే నిద్ర ముందుకంటే పాడవుతుంది, అది జబ్బనుకుని మళ్ళీ వేసుకుంటారు. రోజూ రెండు వారాలకు మించి వాడి ఉంటే ఒక్కసారిగా ఆపకండి, మరో డాక్టరు చూస్తుండగా మెల్లగా తగ్గించాలి. మీ మందు మీరే రాసుకోవడం ఈ ఒక్క విషయంలోనైనా మానుకోండి.

9. అడగాల్సినవాళ్ళను అడగండి

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో పనిచోట మానసిక ఆరోగ్యం మీద ఇచ్చిన మార్గదర్శకాలు ఉద్యోగినొక్కరినే మార్చమనలేదు, పని ఏర్పాట్లు కూడా మార్చమన్నాయి. కార్యక్రమ నోడల్ అధికారికో, జిల్లా ముఖ్య వైద్యాధికారికో రాసే కాగితం ఒక్క పేజీ దాటకూడదు. "మాకు చాలా ఒత్తిడిగా ఉంది, దయచేసి గమనించగలరు" అని రాస్తే అది ఫైల్లో నిద్రపోతుంది. రెండు వారాల నోటుబుక్కు ఇక్కడ పనికొస్తుంది: "14 రోజుల్లో ఇన్ని ఓపీలు, ఇందరు రోగులు, అందులో దుబాసీతో ఇన్ని, రిపోర్టులకు ఇన్ని గంటలు." దాని కింద మూడు కోరికలు, డబ్బు ఖర్చు కానివి ముందు: మందు వరుసకు విడి బల్ల, ధ్రువపత్రాలకు విడి రోజు, ఒకే సమాచారాన్ని రెండు రిజిస్టర్లలో రాయడం ఆపడం. కొత్త పోస్టు కావాలన్నది చివర పెట్టండి. కాంట్రాక్టు ఉద్యోగులైతే ఒక్కరి పేరుతో కాక టీమంతా సంతకం చేసి ఇవ్వండి.

ఇవన్నీ చేసినా ఉదయం అంకె దిగకపోయినా, పీహెచ్‌క్యూ-9లో 10 వచ్చినా, మద్యం రోజూ కావాల్సి వస్తున్నా, రోగి మీద చెయ్యెత్తబోయి ఆగినా, మీకు వైద్యం అవసరమైంది. పక్క గదిలోని సహోద్యోగి దగ్గర కాదు. రేపు ఆ మనిషితోనే కలిసి పనిచేయాలి కాబట్టి అన్నీ చెప్పలేరు. పర్లాకిమిడి, గుణుపురం వైపువాళ్ళకు బ్రహ్మపురంలో ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఉంది. తెలుగులోనే మాట్లాడాలనుకుంటే విశాఖపట్నం చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది, రాయగడ, కొరాపుట్ నుంచి రైలు మీద వెళ్ళిపోవచ్చు. వెళ్ళేటప్పుడు మందుల పేర్లతో కాక, ఇంట్లోవాళ్ళు మీలో గమనించిన మార్పులు నాలుగు కాగితం మీద రాయించి తీసుకెళ్ళండి. ఆ గదిలో మీరు రోగి కుర్చీలో కూర్చోవాలి, ఏ మందు వేయాలో ఎదుటివారికే వదిలేయాలి.